ఎథిక్స్ క్లాసులో విద్యార్థుల మనసు కదిలించడం తప్పా?

టీచరమ్మ: ఎంబీఏ వాళ్లకు ఎథిక్స్ చెబుతాను. ఫోర్డ్ కంపెనీ 1970లలో అమ్మిన చిన్న కారు పింటో కేసు చెప్పే రోజున, మొదట ప్రమాదాల గురించే చెబుతాను: వెనక నుంచి గుద్దితే పెట్రోలు ట్యాంకు చిట్లి, లోపలున్నవాళ్లు కాలిపోవడం. తర్వాతే కంపెనీ 1973 మెమోలోని అంకెలు బోర్డు మీద రాస్తాను. పోయే ఒక్కో ప్రాణానికి కట్టిన విలువ 2,00,000 డాలర్లు, ప్రమాదం తప్పించే మార్పుకు ఒక్కో బండికి ఖర్చు 11 డాలర్లు. మొన్న ఒకబ్బాయి క్యాలిక్యులేటర్ తీసి గుణించబోయి, సగంలో ఆపి పక్కన పెట్టేశాడు. తోటి అధ్యాపకుడొకరు ‘ఇది పాఠం కాదు, గుండె పిండడం’ అన్నారు. నాకైతే ఆ అబ్బాయి ఆగిపోవడమే పాఠం అనిపిస్తోంది. మీరేమంటారు?

లెక్కలమనిషి: మేడమ్, గౌరవంతోనే విభేదిస్తున్నాను. ఆ మెమో పింటో ఒక్కదాని గురించి కాదు. బండి పల్టీ కొట్టినప్పుడు ఇంధనం కారకూడదన్న నిబంధన మీద, అమెరికాలో ఏటా అమ్ముడయ్యే కార్లు, చిన్న ట్రక్కులు అన్నిటికీ కలిపి ప్రభుత్వ సంస్థ కోసం వేసిన లెక్క. వెనక నుంచి గుద్దడం అందులో లేదు. ఆ రెండు లక్షల అంకె కూడా ఆ సంస్థదే. రక్తం మరిగాక ఇవన్నీ ఎవరు చూస్తారు? కథలో తప్పుందని తేలినా ఆవేశం చల్లారదు. రేపు ఏదో పుకారు విని ఒక ఉద్యోగిని తీసేసే మేనేజర్‌కూ ఇలాగే మరుగుతుంది.

టీచరమ్మ: మెమో సంగతి ఒప్పుకుంటున్నాను, ఇకమీదట సరిచేసుకుని చెబుతాను. కానీ డెనిస్ జియోయాను చూడండి. 1973లో ఫోర్డ్‌లో రీకాల్ వ్యవహారాలు, అంటే లోపమున్న బండ్లను వెనక్కి పిలిపించి సరిచేసే పని, చూసేవారు, తర్వాత మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ అయ్యారు. కాలిపోయిన పింటోను కళ్లారా చూసి చలించిపోయారు. అయినా మీటింగులో అందరితో పాటు రీకాల్ వద్దనే ఓటేశారు. రోజూ ఫైళ్ల మధ్య పనిచేస్తూ అలాంటి భావాలను అణిచిపెట్టుకోవడం అలవాటైపోయిందని, అది నైతిక సమస్యగా తనకు తోచనే లేదని 1992లో ఆయనే రాశారు. రీకాల్ 1978లో గాని రాలేదు. ఆయనకు లెక్కలు రాకనా?

లెక్కలమనిషి: లెక్కలు రాక కాదు, నిజమే. కానీ చలించారని మీరే అన్నారుగా. చలించీ ఓటేశారు. మరి క్లాసులో కళ్లు తడిస్తే చాలని ఎలా అనుకుంటాం?

కొత్త ఉద్యోగి: క్లాసులో నాకూ కళ్లు తడిశాయండి. ఉద్యోగంలో చేరిన మూడో నెలలో మేనేజర్ ఒక ఫైల్లో తేదీ మార్చమన్నారు. కడుపులో తిప్పేసింది. కొత్త కదా, టెన్షన్ అనుకున్నాను. మార్చేశాను. తప్పని తెలుసు, కానీ ఆయన ఎదుట నిలబడి ఏమనాలో నోటికి రాలేదు. అది మాత్రం ఎవరూ నేర్పలేదు.

టీచరమ్మ: మీ అనుభవం పేర్లు లేకుండా క్లాసులో చెప్పవచ్చా? ఒకరిని మేనేజర్‌గా కూర్చోబెట్టి, ఇంకొకరిని ఎదురుగా నిలబెట్టి, ‘మార్చలేను సార్’ అని గట్టిగా అనిపించాలని ఉంది. మొదటిసారి గొంతు వణికినా ఫర్వాలేదు, మళ్లీ అనిపిస్తాను.