కొత్త రోడ్డును మూడేళ్ల దాకా తవ్వకూడదని నిబంధన పెట్టాలా?

పట్టువీధి_కోడలు (బరంపురం, ఒడిశా)
మా వీధికి సిమెంటు రోడ్డు పడి ఏడాది తిరగకముందే ఇంటర్నెట్ తీగ కోసం ఒక కంపెనీ పనివారు దాన్ని నిలువునా కోసి, పైపైన మట్టి కప్పి వెళ్లిపోయారు. మొదటి వానకే ఆ మట్టి కుంగింది. తెల్లవారుజామున పాలకు వెళ్తున్న మా అత్తగారు ఆ గాడిలో పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. కొత్త రోడ్డును మూడేళ్ల వరకు ఎవరూ తవ్వకూడదని, పగిలిన పైపు బాగుచేయడానికి తప్ప మరే మినహాయింపూ ఉండకూడదని పురపాలక సంస్థలు నిబంధన పెట్టాలని నా అభిప్రాయం.

కోరాపుట్_ఇంజనీరు
అమ్మా, మీ అత్తగారి విషయం విని బాధ కలిగింది. అయినా తప్పు తవ్వడంలో లేదు, పూడ్చడంలో ఉంది. మామూలు నేలలో ఫైబర్ (ఇంటర్నెట్ తీగ) కోసం సుమారు 1.65 మీటర్ల లోతు తవ్వుతారు. తీసిన మట్టిని పలుచటి పొరలుగా పోసి, తడిపి, ఒక్కో పొరనూ దట్టిస్తేనే అది నిలుస్తుంది, ఒక్కసారిగా నింపేస్తే కుంగక మానదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు స్తంభాలు, తీగలు ఎలా నేలకూలాయో మరిచారా? తీగలు భూమిలోకి దిగాలంటే తవ్వక తప్పదు.

గంజాం_గుమాస్తా
పూడ్చేవాడిని అడిగేదెవరు?

కోరాపుట్_ఇంజనీరు
పురపాలక సంస్థకు అడిగే అధికారం ఉంది. టెలికం తీగలు వేసే అనుమతులపై కేంద్రం 2016లో తెచ్చిన నిబంధనల ప్రకారం 60 రోజుల్లో దరఖాస్తుపై నిర్ణయం చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్కగా ఉండేది, పరిపాలనా రుసుము కిలోమీటరుకు 1,000 రూపాయలు మించకూడదని ఉండేది. అయితే రోడ్డును యథాస్థితికి తెచ్చే ఖర్చును గాని, దానికి బ్యాంకు హామీని గాని కోరే వీలు అందులోనే ఉండేది. 2023 నాటి టెలికం చట్టం కింద వచ్చిన కొత్త నిబంధనలు 2025 జనవరి 1 నుంచి వాటి స్థానంలో అమలవుతున్నాయి. కాబట్టి మూడేళ్లపాటు ఏ దరఖాస్తునూ చూడబోమంటే కుదరదు.

పట్టువీధి_కోడలు
బ్యాంకు హామీతో విరిగిన ఎముక అతుకుతుందా?

కోరాపుట్_ఇంజనీరు
అతకదు. ఆ హామీ సొమ్ము పోతుందన్న భయం ఉంటే గుత్తేదారు మట్టి దట్టించి వెళ్లేవాడని అంటున్నాను.

పట్టువీధి_కోడలు
మీరు మళ్లీ సొమ్ము దగ్గరికే వస్తున్నారు. రెండేళ్లకొకసారి ఠాకురాణి అమ్మవారి యాత్రలో ఘటాలెత్తుకుని ఆడవాళ్లు రాత్రుళ్లు నడిచే వీధులివి. ఇక్కడ గాడి ఉంటే ఏమవుతుందో బ్యాంకుకు తెలియదు.

గంజాం_గుమాస్తా
తవ్వబోయే ముందు ఆ నేలలో ఎవరి తీగలు, పైపులు ఉన్నాయో అడిగి తెలుసుకోవడానికి 2023 మార్చిలో కేంద్రం ఒక యాప్ తెచ్చింది. ఏటా సుమారు 10 లక్షల సార్లు ఫైబర్ తెగుతోందని, నష్టం 3,000 కోట్ల రూపాయలని అప్పుడు చెప్పారు. మా వైపు పొక్లెయిన్ నడిపేవాడికి ఆ యాప్ పేరు కూడా తెలియదు.

శివారు_వార్డు
మూడు రోజులుగా చదువుతున్నాను. కోడలు గారూ, మీ వీధికి రోడ్డు పడకముందే కుళాయి ఉంది. మాది ఇదే జిల్లాలో చిన్న పట్టణపు శివారు వార్డు. మాకు ఎన్నికల ముందు రోడ్డు వేశారు, పైపు వేయలేదు. మీ నిబంధన వస్తే మా ఆడవాళ్లు మరో మూడేళ్లు బిందెలు మోయాలి. మా అమ్మ వయసు డెబ్బై రెండు.

పట్టువీధి_కోడలు
మీకు నీళ్లు వద్దని నేనెక్కడ అన్నాను?

శివారు_వార్డు
పగిలిన పైపుకు తప్ప మినహాయింపు ఉండకూడదని రాశారు. మాకు పగలడానికైనా పైపు లేదు.

కోరాపుట్_ఇంజనీరు
నేను కూడా ఇంతవరకు ఫైబర్ గురించే మాట్లాడాను, పొరపాటే. మూడేళ్ల నిషేధమా, బ్యాంకు హామీయా అన్నది తర్వాతి మాట, పైపు వేయకుండా రోడ్డుకు బిల్లు ఎవరు పాస్ చేశారన్నది ముందు తేలాలి.

పట్టువీధి_కోడలు
శివారు వార్డు గారూ, మీ అమ్మగారి సంగతి నాకు తట్టలేదు, మన్నించండి. మొదటి కుళాయి కనెక్షన్‌కు నిషేధం వర్తించకూడదని నా ప్రతిపాదనను మార్చుకుంటున్నాను. ఇంటర్నెట్ తీగల విషయంలో మాత్రం మారను.

శివారు_వార్డు
కుళాయికి తవ్వినా సరిగా పూడ్చాలి. మా అమ్మ కూడా ఆ దారినే నడవాలి.

గంజాం_గుమాస్తా
అయితే హామీ సంగతి తేలలేదు. ఇంజనీరు గారూ, మట్టి దట్టించినట్టు సంతకం పెట్టవలసింది గుత్తేదారా, వార్డు వాళ్లా?