ఊదారంగు అభ్రకంలో లిథియం ఉందో లేదో ఎలా తేలుతుంది?

మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం దగ్గర పల్లె. మామయ్య పొలంలో బావి తవ్వుతుంటే పలుగురాళ్ల మధ్య లేత ఊదారంగు అభ్రకం బయటపడింది. గోటితో గీకితే చేప పొలుసుల్లా రేకులు ఊడుతున్నాయి. లిథియం ఉండే లెపిడోలైట్ ఇలాగే ఉంటుందట, కానీ లిథియం లేకపోయినా మాంగనీసు వల్ల ఆ రంగు రావచ్చు కదా. మంటలో పెడితే లిథియం ఎర్రగా వెలుగుతుంది. రాతిలోని సోడియం ఇచ్చే పసుపు వెలుగు ఆ ఎరుపును కప్పేస్తే ఎలా గుర్తుపట్టాలి?

‘బ్యాటరీల రాయి’ అంటూ ఒక దళారి పొలం బేరమాడుతున్నాడు, మామయ్య మెత్తబడుతున్నారు. 2023 చట్ట సవరణ తరువాత లిథియం గనుల వేలం కేంద్రం చేతిలోనే ఉంది. మరి ఇతనికి మా పొలం ఎందుకు? రాతి నుంచి లిథియం తీయడం చిలీలో ఉప్పునీటిని ఎండబెట్టినంత తేలిక కాదు. లిథియం ఉండే మరో ఖనిజం స్పోడ్యుమిన్‌నైతే సుమారు 1000 డిగ్రీల వేడిలో కాల్చి, సల్ఫ్యూరిక్ ఆమ్లంతో మళ్లీ వేడిచేయాలి.

నమూనా ఎంత తీయాలి, ఎలాంటి ప్రయోగశాలకు పంపాలి? తెలిసినవారు దయచేసి త్వరగా చెప్పండి. సంతకాలు కాకముందే మామయ్యకు చూపించాలి.