అప్‌డేట్: సెక్షన్ మార్చినా మావాడి కేసు జువైనల్ బోర్డులోనే

కాలేజీ గొడవలో మా మేనల్లుడి మీద మొదట మామూలు కొట్లాట కేసు పెట్టి, తర్వాత పోలీసులు మెమో వేసి బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 109, అంటే హత్యాయత్నం కిందకి మార్చారని, పదిహేడేళ్ల పిల్లాణ్ణి పెద్దవాళ్లలా విచారిస్తారా అని అడిగాను కదా. విచారించరు.

లాయరు గారు పట్టుకున్నది ఒకటే పాయింటు. 16 నిండిన పిల్లల్ని పెద్దల్లా విచారించాలా అని జువైనల్ బోర్డు, అంటే 18 నిండని పిల్లల మీది కేసులు చూసే బోర్డు, చూసేది ఘోర నేరాల్లోనే. కనీస శిక్ష ఏడేళ్లు ఉంటేనే ఘోర నేరం. 109లో యావజ్జీవం దాకా వేయొచ్చు గానీ కనీస శిక్ష అంటూ లేదు. 2020లో సుప్రీంకోర్టు ఈ తేడా చెప్పింది, 2021లో జువైనల్ చట్టాన్నీ సవరించారు. బోర్డు ఒప్పుకుంది.

బెయిల్ పోతుందని అక్క చాలా టెన్షన్ పడింది. జువైనల్ చట్టం సెక్షన్ 12లో నేరం నాన్‌బెయిలబుల్ అన్నది అడ్డే కాదు. బెయిల్ అలాగే ఉంది.

బోర్డులో బోను లేదు, మామూలు టేబుల్. అక్కడ కేసు చూసే మేడమ్ వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, "పరీక్షలు ఎప్పుడు నాన్నా?" అని అడిగారు. వాడు చొక్కా గుండీ తిప్పుతూనే జవాబు చెప్పాడు.

గాయాల సర్టిఫికెట్ కాపీ కోసం పిటిషన్ వేశాం. అసలు 109 నిలుస్తుందా లేదా అన్నది ఇంకా తేలాలి.