ఆఫీసుని ఉత్తరానికి మారిస్తే సైన్స్ బాగుపడుద్దా, స్టాఫ్ పారిపోతారా? (నార్వే పోలార్ ఇన్‌స్టిట్యూట్ ముచ్చట)

ఫ్యోర్డ్_బాబాయ్ (ఓస్లో)
మొన్న లంచ్‌లో మొదలైన గొడవ, తేలక ఇక్కడికి తెచ్చా. నార్వేజియన్ పోలార్ ఇన్‌స్టిట్యూట్ అని ధ్రువ ప్రాంతాల మీద పని చేసే ప్రభుత్వ సంస్థ ఒకటుంది. 1928లో వేరే పేరుతో మొదలైంది, 1948 నుంచి ఈ పేరు. డెబ్భై ఏళ్లు ఓస్లోలో హాయిగా ఉన్నదాన్ని 1998లో ఆర్కిటిక్ సర్కిల్‌కి పైనున్న ట్రోమ్సోకి ఎత్తుకెళ్లి పెట్టారు, ఇక్కడ్నించి ఫ్లైట్‌లోనే దాదాపు రెండు గంటలు. రాజధానిలోనే అన్నీ ఎందుకు, ఉత్తరాదికీ ఉద్యోగాలు రావాలి అనే రాజకీయం దీని వెనకాల గట్టిగానే ఉంది.

నన్నడిగితే ఇది తప్పే. ఆఫీసంటే బిల్డింగూ బోర్డూ కాదు కదా, పాతికేళ్లు పని చేసిన మనిషి బుర్రలో ఉన్నదే ఆఫీసు, ఆ మనిషికి ఇక్కడ ఇల్లుంది, భార్యకి ఉద్యోగముంది, పిల్లలు హైస్కూల్లో ఉన్నారు, సామాన్లు సర్దుకో అంటే ఎవడు సర్దుకుంటాడు? 2003లో మళ్లీ ఇలాగే కొన్ని ప్రభుత్వ ఆఫీసుల్ని ఓస్లో బయటికి పంపాలని తీర్మానించారు, విమానయాన శాఖది ఉత్తరాదిలోని బోడో అనే ఊరికి పోయింది, అప్పుడు పాత స్టాఫ్‌లో ఎక్కువ మంది ఉద్యోగమే వదిలేశారు. మా టీమ్‌లో ఒక పెద్దాయన భార్య అలా మారిన ఒక ఆఫీసులోనే చేసేదట, తను వెళ్లలేదు, ఆయన ఆ మాటెత్తితే ఇప్పటికీ కాఫీ కప్పు ఠక్కున కింద పెడతాడు.

ఇంకో మాట. ఈ సంస్థకి అంటార్కిటికాలో ట్రోల్ అని స్టేషన్ ఉంది. ధ్రువానికి దగ్గరగా ఉండాలనే లెక్కయితే ఓస్లో నుంచి ట్రోమ్సోకి వెళ్లి దక్షిణ ధ్రువానికి ఇంకాస్త దూరమయ్యారు, దీనికేమంటారు?

ధ్రువతార (ట్రోమ్సో)
బాబాయ్, మీ ట్రోల్ పాయింట్‌కి నవ్వొచ్చింది, ఒప్పుకుంటా. కానీ ట్రోల్‌లో చలికాలం ఉండేది ఆరుగురే, మిగతా పనిలో ఎక్కువ భాగం ధ్రువం వైపున్న నార్వే దీవుల గుంపు స్వాల్‌బార్డ్ చుట్టూ, బారెంట్స్ సముద్రంలోనే.

నేను ఇక్కడే పోస్ట్‌డాక్, ఆ సంస్థలో కాదు, వేరే చోట. కానీ వాళ్లుండే ఫ్రామ్ సెంటర్‌కి పని మీద వెళ్తుంటా. అక్కడ కాఫీ మెషీన్ దగ్గర పది నిమిషాలు నిలబడండి చాలు, స్టాఫ్ వార్తలు వేరే చదవక్కర్లేదు, ఎవరు ట్రోల్‌కి ఏడాది డ్యూటీకి పోతున్నారు, ఎవరు నీ-ఒలెసుండ్ (స్వాల్‌బార్డ్‌లో ఉన్న రీసెర్చ్ ఊరు) నుంచి కాంట్రాక్ట్ అయిపోయి వచ్చారు, ఎవరికి ఓడలో సీటు దొరకలేదు, అన్నీ వినపడతాయ్. వాళ్ల ఓడ క్రోన్‌ప్రిన్స్ హాకోన్, మంచు పగలగొట్టుకుంటూ పోయే వంద మీటర్ల ఐస్‌బ్రేకర్, 2018 నుంచి నడుస్తోంది, దాని సొంత పోర్ట్ ట్రోమ్సోనే. మంచులో కొలతల పరికరం పెట్టే మనిషికీ, దాన్ని రిపేర్ చేసే మనిషికీ, ఆ డేటా రాసుకునే మనిషికీ మధ్య మెట్లు దిగేంత దూరమే ఉండాలి, మెయిల్స్‌లో అయ్యే పని కాదది.

2015లో లాన్స్ అనే పాత ఓడని స్వాల్‌బార్డ్‌కి ఉత్తరాన కావాలనే మంచులో ఇరికించి, జనవరి నుంచి జూన్ దాకా ఆ మంచుతో పాటే కొట్టుకుపోతూ కొలతలు తీసుకున్నారు. బ్యాచులు బ్యాచులుగా మనుషుల్ని మార్చుకుంటూ నడిపారు. దాన్ని ఓస్లో నుంచి నడపలేరా అంటే నడపొచ్చు, కానీ అలా చేద్దాం అనే పిచ్చి ఐడియా పుట్టేది ఓడ కనపడే కిటికీ దగ్గరే.

నిజాంపేట్_పోరడు (హైదరాబాద్)
అక్కా జర ఆగు. మా ఇంటికాడ ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది, సముద్రం సంగతులు చెప్పే కేంద్ర సంస్థ, 1999ల పెట్టిన్రు. సునామీ హెచ్చరిక కేంద్రం గూడ 2007 నుంచి ఆడ్నే. చేపలు యాడ దొరుకుతయో మత్స్యకారులకి చెప్పేది గూడ ఆడికెళ్లే. మరి హైదరాబాద్‌ల సముద్రం యాడుందే? హుస్సేన్ సాగర్ చూపెట్టి సునామీ వస్తుందంటున్నరా? మంచిగనే నడుస్తుంది కదా! అంటార్కిటికా చూస్కునే ఎన్‌సీపీఓఆర్ గోవాల ఉంది, అది గూడ 1998దే, ఆడ మంచు ఫ్రిజ్‌ల తప్ప యాడ దొరకదు. గోవాల ఉండి పోలార్ సైన్స్ చేస్తుంటే ఓస్లోల ఉండి చెయ్యరాదా?

ధ్రువతార
సూపర్ పాయింట్ తమ్ముడూ, కానీ రెండూ ఒకటి కాదు. సునామీకి సిగ్నల్ శాటిలైట్ మీద వస్తుంది, అది హైదరాబాద్‌లో దిగినా వైజాగ్‌లో దిగినా ఒకటే. ఇక్కడ వీళ్లు పని చేసే ధ్రువపు ఎలుగుబంటి శాటిలైట్ మీద రాదు, దానికి మత్తు సూది వేసి మెడకి కాలర్ కట్టాలి, ఎవరో ఒకరు వెళ్లాలి. గోవాది కూడా సముద్రం పక్కనుండే ఊరే కదా.

నీ-ఒలెసుండ్‌లో మన ఇండియా స్టేషన్ హిమాద్రి కూడా ఉంది, 2008 నుంచి. మనవాళ్లు ఏళ్ల పాటు వేసవిలోనే వచ్చి వెళ్లేవాళ్లు, చలికాలం టీమ్ మొదటిసారి బయల్దేరింది 2023 డిసెంబర్‌లో. పదిహేనేళ్లు పట్టింది. నేను అక్కడికి ఒక్కసారి వెళ్లా. ఊరి చుట్టూ ఇరవై కిలోమీటర్లలో వైఫై, బ్లూటూత్ ఆన్ చెయ్యకూడదు, అక్కడి రేడియో టెలిస్కోప్‌కి డిస్టర్బెన్స్ అని. ఇళ్లకి తాళాలు వెయ్యరు, ఎలుగుబంటి వస్తే ఎదురుగా ఏ తలుపు కనపడితే అందులోకి దూరాలి కాబట్టి. గుమ్మంలో చెప్పులు విప్పి లోపలికెళ్లడం చూసి మనూరే అనుకున్నా, బొగ్గు గనుల కాలం నుంచి అలవాటట, మసి ఇంట్లోకి రాకుండా. ఇవన్నీ రూల్స్ పుస్తకంలో ఉంటాయి, కానీ ఒంటికి పట్టడానికి టైం పడుతుంది, వారం రోజులకి వచ్చి పోయేవాళ్లకి పట్టదు.

వెలగపూడి_అక్కయ్య (గుంటూరు)
మీ సైన్స్ నాకు తెలీదమ్మా, ఆఫీసు మారడం మాత్రం తెలుసు. 2016లో మమ్మల్ని హైదరాబాద్ నుంచి అమరావతికి రమ్మన్నారు. వారానికి ఐదు రోజులే పని అన్నారు, ఉండటానికి వసతి ఇచ్చారు, లింగంపల్లి నుంచి రైలు కూడా వేశారు. వెళ్లాం. కానీ మా అబ్బాయి అప్పుడు తొమ్మిదో క్లాసు, వాళ్ల నాన్న ఉద్యోగం హైదరాబాద్‌లో, ఇల్లు కదల్లేదు. సోమవారం రైలు దిగడం, శుక్రవారం సాయంత్రం రైలెక్కడం, నాలుగైదేళ్లు నేను కాదు మారింది, నా సూట్‌కేసు. నా సీట్లో మాత్రం రోజూ ఉన్నట్టే లెక్క. కాబట్టి బాబాయ్ గారు చెప్పేదాంట్లో అబద్ధం లేదు.

అయితే ఇంకోటి కూడా చూశా. తర్వాత కొత్తగా చేరిన పిల్లలున్నారే, వాళ్లకి గుంటూరూ విజయవాడే ఊరు, ఇక్కడే పెళ్లిళ్లు, ఇక్కడే లోన్లు, శుక్రవారం ఐదింటికి గడియారం చూసేవాళ్లు కాదు. ఆఫీసు మారింది మాతో కాదు, వాళ్లతో. మరి మీ ట్రోమ్సోకి మారి ఎన్నేళ్లయింది, ఇంకా ఓస్లో వాళ్ల గురించే కొట్టుకుంటున్నారేంటి?

ఫ్యోర్డ్_బాబాయ్
అక్కయ్య గారూ, మీ సూట్‌కేసు మాట రేపు లంచ్‌లో వాడేసుకుంటా. కొత్త తరం ఊళ్లో పాతుకుంటుంది అన్నది ఒప్పుకుంటున్నా. కానీ ఆ తరం వచ్చేదాకా మధ్యలో జరిగిన నష్టం ఎవరి ఖాతాలో రాస్తారు? వెళ్లనివాళ్లతో పాటు వెళ్లిపోయిన అనుభవం ఏ ఫైల్లో ఉందో ఎవరైనా చూపిస్తారా? పైగా చిన్న ఊళ్లో భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగం దొరకడం కష్టం, భాష సరేసరి, ఇక్కడ ప్రభుత్వ ఆఫీసు కాగితం అంతా నార్వేజియన్‌లోనే. ధ్రువతారా, గుండె మీద చెయ్యేసుకుని చెప్పు, నీ కాంట్రాక్ట్ అయిపోయాక అక్కడే ఉంటావా?

ధ్రువతార
చెప్పలేను బాబాయ్. మా ఆయన బెర్గెన్‌లో ఉన్నాడు. దొరికిపోయా.

కానీ ఒకటి. నవంబర్ ఆఖర్లో ఇక్కడ సూర్యుడు మునిగితే జనవరి మధ్య దాకా లేవడు, కొండల వల్ల ఊళ్లోకి కనపడేసరికి 21 వస్తుంది. ఆ రోజు బేకరీల ముందు క్యూ, ఆఫీసుల్లో జామ్ కూరిన బన్నులు పంచుతారు, సోల్‌బొల్లె అంటారు. పోయినేడు నాకూ ఒకటిచ్చి, ఈసారి చీకటి ఎలా గడిచింది అనడిగారు, మీ ఊళ్లో ఎలా ఉంటది అని అడగలేదు. ఉంటానో లేదో తెలీదు గానీ ఆ ప్రశ్నకి జవాబుండేవాళ్లే ఆ చీకటి మీద పని చెయ్యాలనిపిస్తది. అన్నట్టు 1928లో, మీ సంస్థ పుట్టిన ఏడే, నార్వే ధ్రువ యాత్రికుడు అముండ్సెన్ ఇక్కడ్నించే విమానం ఎక్కి తిరిగి రాలేదు. ఓస్లో వాళ్లయినా చివరికి ట్రోమ్సో మీదుగానే పోవాలి :)

నిజాంపేట్_పోరడు
గట్లనైతే కృష్ణా నది నీళ్ల సంగతి చూసే కృష్ణా బోర్డు సంగతేంది? ఆఫీసు ఏపీల ఉండాలని 2014 విభజన చట్టంల రాసి, ఏండ్లకేండ్లు హైదరాబాద్‌ల్నే నడిపిన్రు, అప్పుడు నది పక్కన కూసోని పని చెయ్యాలని ఎవ్వరికీ యాదికి రాలే

మోడరేటర్
కృష్ణా బోర్డు మాట ఇక్కడ వద్దు తమ్ముడూ, దానికి వేరే థ్రెడ్ ఉంది, అందులో ఇప్పటికే నలుగురిని బ్యాన్ చేశాం.

వెలగపూడి_అక్కయ్య
సరే గానీ ధ్రువతారమ్మా, ఆ చలిలో ఇడ్లీ పిండి పులుస్తుందా?

ధ్రువతార
ఓవెన్‌లో లైట్ మాత్రం వేసి రాత్రంతా పెడితే పులుస్తుంది అక్కయ్యా. మర్చిపోయి ఓవెన్ ఆన్ చేశానొకసారి, గిన్నెతో సహా పోయింది.