ఇంట్లో కీమో పేషెంట్ ఉంటే పాపకు ఎమ్మెమ్మార్ వేయించొచ్చా?

వేపచెట్టు: మా అత్తగారికి కీమో నడుస్తోంది. పాపకు ఎమ్మెమ్మార్ (మీజిల్స్ అంటే తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా రాకుండా వేసే టీకా) వేయించే టైమొచ్చింది. అది లైవ్ టీకా కదా, పాప నుంచి ఆవిడకు అంటుకుంటుందేమోనని మా ఆయన వద్దంటున్నారు. ఏం చేయమంటారు?

నిదానం: ఆపెయ్యండి. కొన్నాళ్ళు ఆలస్యమైతే కొంపేం మునగదు.

మాత్రలడబ్బా: మునిగేది అక్కడే నిదానం గారూ. లైవ్ టీకా వద్దనేది అత్తగారికి, పాపకు కాదు. టీకాలోని వైరస్ బలహీనపరిచినదే అయినా బతికే ఉంటుంది, ఒంట్లో కాస్త పెరుగుతుంది. మామూలు మనిషిలో రోగనిరోధక శక్తి దాన్ని అణిచేస్తుంది. కీమోలో ఆ శక్తే పడిపోతుంది కాబట్టి అదుపు తప్పొచ్చు. అవయవమార్పిడి అయినవాళ్ళకూ, హెచ్‌ఐవీతో సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) 200 కంటే తక్కువున్నవాళ్ళకూ లైవ్ టీకా వద్దనడానికి ఇదే కారణం. ఎమ్మెమ్మార్ వేయించుకున్న పాప నుంచి ఆ వైరస్ ఇంట్లోవాళ్ళకు అంటదు. అసలు మీజిల్స్ అంటుతుంది, అదొస్తే ఆవిడ తట్టుకోలేరు. పాపకు వేయించడమే ఆవిడకు కాపలా.

నిదానం: మరి పోలియో చుక్కలు? అవీ లైవే కదా. అన్నిటికీ ఒకే మాట చెప్పేస్తే ఎలా?

మాత్రలడబ్బా: ఇది న్యాయమైన ప్రశ్న. చుక్కల వైరస్ వారాల తరబడి మలంలో పోతుంది, అందుకే అలాంటి ఇంట్లో పోలియోకు ఇంజెక్షనే వేయించాలి. రోటా (పిల్లల విరేచనాలకు వేసే లైవ్ టీకా) వైరస్ కూడా మలంలో పోతుంది కానీ దాన్ని ఆపరు. డైపర్లు అత్తగారి చేత మార్పించకండి, మార్చినవాళ్ళు సబ్బుతో చేతులు కడుక్కోండి. చికెన్‌పాక్స్ టీకా తర్వాత పొక్కులొస్తే అవి మానేదాకా పాపను ఆవిడకు ఎడంగా ఉంచాలి.

పిల్లికూత: నేను ఆస్తమాకు ఇన్‌హేలర్ వాడతానంటే ‘స్టెరాయిడ్’ అని ఒక క్లినిక్‌లో టీకా వెయ్యకుండా పంపేశారు. ఇదేం లెక్క?

మాత్రలడబ్బా: ఏ లెక్కా కాదు. ఇన్‌హేలర్లు, పూత మందులు అడ్డం కావు. పెద్దవాళ్ళు ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు రోజుకు 20 మి.గ్రా. లేదా అంతకు మించి రెండు వారాలు వాడితే లైవ్ టీకా ఆపాలి. మాత్రలు మానేశాక టీకాకు కనీసం నెల ఆగాలి.

నిదానం: ఇన్ని మినహాయింపులుంటే మామూలు జనం భయపడక ఏం చేస్తారు? గర్భిణికీ లైవ్ టీకా వద్దంటారు, మళ్ళీ తెలియక వేయించుకున్నా ఫర్వాలేదంటారు!

మాత్రలడబ్బా: రెండూ నిజమే. ముందుజాగ్రత్తగా వద్దంటారు, పొరపాటున వేయించుకున్నంత మాత్రాన గర్భం తీయించుకోనక్కర్లేదు. మీరు నిజంగా భయపడాల్సింది ఇంకోటుంది: తల్లి గర్భంతో ఉండగా ఇన్‌ఫ్లిక్సిమాబ్ (రోగనిరోధక శక్తిని అణిచే మందు) వాడితే ఆ మందు మాయ దాటి బిడ్డ ఒంట్లో నెలల తరబడి ఉంటుంది. అలాంటి బిడ్డకు బీసీజీ (క్షయకు వేసే లైవ్ టీకా) వేస్తే ప్రాణం పోయిన కేసు ఉంది. పురిటిగదిలో ఆ మందు సంగతి తల్లే చెప్పాలి, చాలాసార్లు ఎవరూ అడగరు.

వేపచెట్టు: ఇది మా ఆయనకు చదివి వినిపించాను. ‘ఆంకాలజిస్టు నోట విన్నాకే’ అంటున్నారు. అపాయింట్‌మెంట్ తీసుకున్నా.