తుమ్మ బెరడు కషాయం: ప్లేటులో చచ్చిన బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్ల కూడా చస్తదా?

పాలమూరు_మూలిక:
నల్లతుమ్మ బెరడు సారం పోస్తే ల్యాబ్‌ల స్టెఫైలోకోకస్ అనే బ్యాక్టీరియా పెరుగది. ఇది చాలాచోట్ల తేలిందే. మరి దగ్గుకు, కఫానికి కషాయం తాగుమంటే డాక్టర్లు ఎందుకు కొట్టిపారేస్తరు?

అగర్_గుంత:
పెరుగది, నిజమే. ఎంత పోస్తే పెరుగదన్నదే పంచాయితీ. అగర్‌ల, అంటే ప్లేటుల బ్యాక్టీరియాను పెంచే జెల్లీల, 6 మి.మీ. గుంత కొట్టి పోసే సారం మిల్లీగ్రాముల లెక్క. ఆంటీబయాటిక్ మైక్రోగ్రాములల్లనే పని కానిస్తది. పైగా తుమ్మ బెరడు బలమంతా టానిన్లు అనే వగరు పదార్థాలదే. అవి ఏ ప్రొటీన్ దొరికితే దాన్ని బిగబట్టుకుంటయి. తోలు ఊనడానికి తుమ్మ చెక్క, తంగేడు చెక్క వాడేది అందుకే. అంత పెద్ద అణువులు పేగుల నుంచి నెత్తుర్లకు సరిగ్గ ఎక్కవు. ఇగ ఊపిరితిత్తుల దాక పోయేదేంది?

ఇంకో తిరకాసు ఉన్నది. న్యుమోనియా తెచ్చే న్యుమోకోకస్ ఇసొంటి పరీక్షలకు మామూలుగ వాడే ఉత్త ముల్లర్-హింటన్ అగర్ మీద సరిగ్గ పెరుగది. 5 శాతం గొర్రె నెత్తురు కలపాలె, కార్బన్ డయాక్సైడ్ ఉన్న ఇంక్యుబేటర్ల పెట్టాలె. ఆ తిప్పలు పడలేక తేలిగ్గా పెరిగే స్టెఫైలో, పేగులల్ల ఉండే ఈ-కొలై బ్యాక్టీరియా మీద చేసి పరిశోధన పత్రం శీర్షికల ‘శ్వాసకోశ’ అని పెడ్తరు. సారం కరిగించిన ఆల్కహాల్‌ను ఒట్టిగ ఇంకో గుంతల పోసి చూశిన్రా అని కూడ అడగాలె. ఒక్కోసారి చంపింది బెరడు కాదు, ఆల్కహాలే.

పాలమూరు_మూలిక:
సరే, గొంతు సంగతేంది? పుక్కిలిస్తే నేరుగనే తగుల్తది గద. నెత్తురు దాక పోయే పనే లేదు.

కషాయం_కొలత:
ఈ మాటకు బలమున్నది. టానిన్ వగరు వాచిన గొంతు పొరను బిగిస్తది, మంట తగ్గుతది. అంతవరకు ఒప్పుకోవాలె. 10 గ్రాముల ఎండు బెరడు కచ్చాపచ్చాగ దంచి, 160 మి.లీ. నీళ్లల్ల సన్నసెగ మీద 40 మి.లీ. మిగిలేదాక కాగబెట్టాలె. మెత్తటి పొడి చేస్తే అడుగంటుతది, వడకట్టుడు కాదు. ఇనుప మూకుడు అసలే వద్దు. టానిన్ ఇనుముతోని కలిసి సిరా లెక్క నల్లబడ్తది. స్టీలు గిన్నెనో మట్టి కుండనో మంచిది.

మన నల్లగొండ దిక్కు బోరు నీళ్లు కూడ వాడొద్దు. లీటరుకు 1.5 మి.గ్రా. ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు నాలుగో వంతుకు మరిగితే లీటరుకు 6 దాక పోతది.

అగర్_గుంత:
లెక్క కరెక్టే, భయమే ఎక్కువైంది. గాఢత పెరుగుతది గని 40 మి.లీ.ల ఉండేది 0.24 మి.గ్రా.నే, 160 మి.లీ. పచ్చి నీళ్లల్ల ఉన్నంతనే. పుక్కిలించి ఉమ్మేస్తే అది కూడ లోపలికి పోదు. బోరు నీళ్లు వద్దనడానికి అసలు కారణం వేరే: ఉప్పు నీళ్లల్ల కాల్షియం టానిన్‌ను పట్టుకొని మడ్డి లెక్క దించుతది. నీళ్లు నల్లగైతయి, పస పోతది. ల్యాబ్‌ల డిస్టిల్డ్ వాటర్, ఇంట్ల బోరు నీళ్లు, రెండు చోట్ల ఒక్కటే ఫలితం ఎట్లొస్తది?

కషాయం_కొలత:
ఫ్లోరైడ్ సంగతి మీరన్నదే నిజం, ఒప్పుకుంటున్న.

బెరడు తీసేటోళ్లకు ఒక మాట: మోదు చుట్టూర గాజు లెక్క ఒలిస్తే చెట్టు ఎండుతది. ఆకులు చేసిన తిండి వేర్లకు దిగే దారి ఆ బెరడుల్నే ఉంటది. కొమ్మకు నిలువుగ సన్న పట్టీ తీస్తే చాలు.

పాలమూరు_మూలిక:
గొంతుకైతే పుక్కిలించుడు నేను విడువ. చిన్నపిల్లల దగ్గుకు మాత్రం తాపుమని చెప్ప.

అగర్_గుంత:
పిల్లలకైతే ముందు ఊపిరి లెక్కబెట్టాలె, నిండు నిమిషం, ఏడుస్తలేనప్పుడు. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేండ్ల లోపు 40, అంతకు తగ్గకుంటే దవాఖానకే. డొక్కలెగరేస్తుంటే లెక్క కూడ అక్కర్లేదు.