స్టోతో వేసిన లింకు మాటిమాటికీ పోతోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. నా డెబియన్ లినక్స్ సెట్టింగ్స్ ఫైళ్లన్నీ ఒక గిట్ రిపాజిటరీలో (ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే చోటు) పెట్టి, జీఎన్‌యూ స్టో అనే టూల్‌తో హోమ్ ఫోల్డర్‌లోకి లింకులు (అసలు ఫైల్ ఎక్కడుందో చూపేవి) వేసుకుంటున్నాను. డెస్క్‌టాప్‌కీ ల్యాప్‌టాప్‌కీ అదే రిపాజిటరీ. బాష్ (కమాండ్ షెల్), విమ్ (ఎడిటర్) ఫైళ్లతో ఏ ఇబ్బందీ లేదు. మానిటర్లు వేరు కాబట్టి విండోలను అమర్చే స్వే కాన్ఫిగ్‌లో, వేరే ఫైల్‌ను కలిపే ఇంక్లూడ్ లైన్ పెట్టి ఆ భాగం విడిగా ఉంచాను.

చిక్కంతా ఏ రకం ఫైల్ ఏ యాప్‌లో తెరవాలో రాసుండే మైమ్‌యాప్స్ డాట్ లిస్ట్ ఫైల్ దగ్గర. పీడీఎఫ్ ఏ యాప్‌లో తెరవాలో మార్చగానే లింకు పోయి, దాని చోట మామూలు ఫైల్ వచ్చి కూర్చుంటోంది. యాప్ కొత్త ఫైల్ రాసి దానికి పాత పేరు పెట్టేస్తోందన్నమాట. తర్వాత స్టో నడిపితే అక్కడ వేరే ఫైల్ ఉందని ఆగిపోతుంది. అడాప్ట్ ఆప్షన్ ఇస్తే రిపాజిటరీలోని కాపీ పోయి ఈ ఫైల్ వస్తుంది. అందుకే ప్రతిసారీ ముందు కమిట్ చేసి (ఉన్నది గిట్‌లో భద్రపరచి), తర్వాత గిట్ డిఫ్‌తో తేడాలు చూసుకుంటున్నాను. చాలా విసుగ్గా ఉంది.

ఇంకొకటి, తెలుగు కీబోర్డు. భాషల టైపింగ్ చూసే ఐబస్ సెట్టింగ్స్, డీకాన్ఫ్ అనే సెట్టింగ్స్ డేటాబేస్‌లో ఉంటాయి. అది బైనరీ ఫైల్, గిట్‌లో తేడాలు కనపడవు. డీకాన్ఫ్ డంప్ కమాండ్‌తో టెక్స్ట్‌గా తీయొచ్చు కానీ తరచూ మర్చిపోతున్నాను. పోయిన వారం ల్యాప్‌టాప్‌లో అన్నీ మళ్లీ ఇన్‌స్టాల్ చేసి అమ్మకు మెసేజ్ రాయబోతే ఒక్క తెలుగు అక్షరం రాలేదు.

చెజ్‌మోయ్ అనే ఇలాంటి మరో టూల్ లింకులు వేయకుండా ఫైళ్లను కాపీ చేస్తుందట. దానికి మారితే ఈ గొడవ తగ్గుతుందా? డీకాన్ఫ్ డంప్‌ను గిట్ ప్రీ-కమిట్ హుక్‌లో (కమిట్‌కు ముందు దానంతటదే నడిచే స్క్రిప్ట్) పెట్టినవాళ్లు ఎవరైనా ఉంటే, ఎలా చేశారో దయచేసి చెప్పండి.